మొండితోకలు మోసిన నిప్పు

మా తాత సిరియాకో అబద్ధాలకోరు కాదు. నిజానికి నాలుగు గుప్పిళ్లు ఎక్కువ మేత వేసి బలిపించేవాడు, అంతే. తన మందలో ఒక ముసలి గొర్రెకు పూజలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరిల్లాలో తెలుసునని, ఆదివారం పొద్దున అది పచ్చిక ముట్టేది కాదని పాదిరీ మొహం మీదే చెప్పినవాడు. తోకకు గిలక్కాయ ఉన్న పాము ఒకటి చలికి తన దుప్పట్లో దూరి పడుకుని, తెల్లారకముందే మర్యాదగా లేచి వెళ్లిపోయిందనేవాడు. అది గురక పెట్టిందని కూడా అనబోయి, ఎదురుగా కూర్చున్న నానమ్మ ఫెలిపా చూపు తగిలి ఆ ముక్క మింగేశాడు. "అబద్ధమాడినా అతికినట్టుండాలయ్యా" అనేది నానమ్మ. ఆయనకు అతికించే ఓపిక లేదు. వినేవాళ్లు నవ్వితే చాలు, అతుకు వాళ్లే వేసుకుంటారని నమ్మకం.

అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి, మేత కలపని నిజం చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

సిరియాకో, పెల్లో ఒకే కొండలోయలో పుట్టినవాళ్లు. మీసాలు సరిగ్గా మొలవకముందే ఒకే ఓడలో సముద్రం దాటొచ్చి, నెవాడా ఉత్తరాన సేజ్ పొదల మధ్య ఎవరెవరివో గొర్రెలు మేపారు. పెల్లో రెండేళ్లు పెద్ద, అందుకని అన్న. అన్న గ్రాషిని చేసుకున్నాడు కాబట్టి ఆవిడ వదిన. పెల్లో పోయాక మంద గ్రాషి చేతికొచ్చింది. ఆమె మేపించలేదు, తనే మేపింది. నడుం వంగినా నోరు వంగలేదు. శనివారం సాయంత్రం సత్రంలో ముస్ పేకాటకు ఆమె, మా తాత ఒక జట్టు. ఆయన ముక్కలు చూడకుండానే పందెం పెంచుతాడు, ఆవిడ బల్ల కింద కాలు తొక్కుతుంది. ఊరంతటికీ తెలిసిన సైగ అది.

మా తాతకు కథల తర్వాత గర్వం రొట్టె మీదే. పిండి కలిపి, పులియబెట్టి, మూతున్న బరువైన ఇనప గిన్నెలో పెట్టి, నేలలో గొయ్యి తీసి, నిప్పులు పరిచి, గిన్నె దించి, పైన మళ్లీ నిప్పులు, ఆపైన మట్టి. గొర్రెల్ని ఒక చుట్టు తిప్పుకొచ్చేసరికి గోపురంలా పొంగిన రొట్టె. కత్తితో పైన శిలువ గీసి, మొదటి ముక్క కుక్కకు వేసి, ఆ తర్వాతే మనుషులు. ఈ గొయ్యి వాగు ఒడ్డున తడి ఇసుకలో తీయాలి. అది కాపర్లందరికీ తెలిసిన సంగతి. మా తాతకీ తెలుసు. కానీ ఆ ఏడు ఎండాకాలం ఆఖర్లో ఆయన కుడిభుజం పట్టేసింది. వాగు ఎండి బండలా ఉంది. తెల్లబయలు అని పిలిచే మేతబయలు అంచున, నడుమెత్తు సేజ్ పొద కింద మాత్రం నేల గుల్లగుల్లగా, పార ముట్టకముందే దిగబడేలా ఉంది.

"చూశావా, మొండితోకలు నా భుజం మీద జాలిపడి ముందే తవ్విపెట్టాయి" అని కుక్కతో అన్నాడట. కుక్క అభ్యంతరం చెప్పలేదు.

మొండితోక అంటే అక్కడి బూడిదరంగు బుల్లి ఎలుక. తోక ఉందో లేదో తోకకే తెలియదు. చెవులు బొచ్చులో మునిగిపోయి, పొట్ట తెల్లగా, ఊదితే ఎగిరిపోయే బూడిద ముద్దకు కాళ్లొచ్చినట్టుంటుంది. గొర్రెలకాపరి దాన్ని చూస్తాడుగాని గమనించడు. కాలు దిగబడినప్పుడు ఒక తిట్టు తిట్టి ముందుకు పోతాడు.

రొట్టె బ్రహ్మాండంగా వచ్చింది. నిప్పుల మీద మట్టి కప్పి, కాలితో గట్టిగా తొక్కి, సిరియాకో మందను కొండమీదికి తోలుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లబయలు మీద పొగ.

ఆ బయలు గ్రాషిది. చలికాలం గడ్డి మంచు కింద పడుకున్నప్పుడు, సేజ్ పొదల కొసలు మాత్రం పైకి నిలిచి ఉంటాయి. దవనానికి దూరపు చుట్టంలా ఘాటుగా ఉంటుంది ఆ ఆకు. దాన్ని కొరుక్కుంటూనే ఆమె గొర్రెలు వసంతం దాకా బతికేవి. సాయంత్రానికల్లా పొద అన్నది లేకుండా పోయింది. సేజ్ కాలితే గడ్డిలాగా వేరునుంచి మళ్లీ లేవదు. విత్తనం పడాలి, మొలవాలి, మనిషి ముసలివాడయ్యేంత తీరిగ్గా పెరగాలి. చలి మొదలవకముందే గ్రాషి మందను అమ్మేసింది. ఎవరూ కొనని పళ్లూడిన గొర్రెలు కొన్ని దొడ్లో మిగిలాయి.

మంటలెలా పుట్టాయో చూడడానికి వచ్చిన అధికారి మట్టిరోడ్డు పక్కనున్న ఒక పొద మొదలు చూపించి, ఇక్కడే మొదలైందన్నాడు. దారిన పోయిన బండి ఏదో, దాని పొగగొట్టం వేడికి ఎండుగడ్డి అంటుకుని ఉంటుందన్నాడు. మా తాత రొట్టె గొయ్యి అక్కడికి ఒక రాయి విసురు దూరంలో ఉంది. అధికారి దాన్నీ చూశాడు. మట్టి బాగా కప్పావని మెచ్చుకున్నాడు కూడా.

మెచ్చుకోలు విన్నాక సిరియాకోకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి గొయ్యి తిరగదోడాడు. గొయ్యి గోడలో మూడు వేళ్లు పట్టే కన్నం, లోపలంతా మసి. విల్లో చెట్టు బెత్తం దూర్చితే చేతిదాకా దిగిపోయింది. అక్కడినుంచి ఇంకో కన్నం, దాని మూతికీ మసి. ఆపైన ఇంకోటి. వంగి, మోకాళ్ల మీద పాకి, కన్నం నుంచి కన్నానికి పోతుంటే నేల కింద నల్లటి దారి ఒకటి సాగిపోతోంది. దాన్నిండా కాలిన పీచు. మొండితోకలు సేజ్ బెరడును పళ్లతో చీల్చి, దువ్విన ఉన్నిలా మెత్తగా చేసి గూళ్లలో నింపుకుంటాయి. ఆ పీచు భగ్గుమనదు. లోలోపల కణకణమంటూ, ఎవరికీ చెప్పకుండా, ఒక గూటినుంచి ఇంకో గూటికి పాకుతుంది. ఆ దారి చివర అధికారి చూపించిన పొద దగ్గర తేలింది. కన్నం మూతిలో ఒక మొండితోక, బయటికి తల పెట్టి, నల్లగా.

సిరియాకో టోపీ తీశాడు. ఎవరికోసం తీశాడో ఆయనకే తెలియదు. మళ్లీ పెట్టుకోబోతే చెయ్యి రాలేదు.

ఆ శనివారమే సత్రంలో చెప్పేశాడు. పొడుగు బల్లమీద చిక్కుడుగింజల చారు పొగలు కక్కుతోంది. వెల్లుల్లి దట్టించిన గొర్రెమాంసం ఇంకా రాలేదు. మా తాత లేచి నిలబడ్డాడు. అదే తప్పు. ఆయన నిలబడితే జనం నవ్వడానికి సిద్ధమవుతారు.

"వదినా, ఆ మంట ఏ బండిదీ కాదు. నాది. నా రొట్టె నిప్పు మొండితోకల కన్నాల్లోంచి పోయి రోడ్డుదాకా వెళ్లింది."

ఒక్క క్షణం చెంచాలు ఆగాయి. సత్రం యజమాని జుస్తో ముందు నవ్వాడు.

"అంటే ఏమంటావ్? అవి నీ దగ్గర నిప్పడుక్కుని, చుట్ట వెలిగించుకుని, రోడ్డుదాకా షికారు పోయాయంటావ్!"

"షికారు కాదురా జుస్తో. వాటి గూట్లో పీచు..."

"పీచో, పొగాకో! చూడు సిరియాకో, ఆదివారం ఉపవాసమున్న గొర్రెను నమ్మాం. పాముతో పడకా నమ్మాం. దీన్ని నమ్మాలంటే మాత్రం ఇంకో గ్లాసు పొయ్యాలి."

బల్ల బల్లంతా విరగబడి నవ్వింది. మా తాత గ్రాషి వైపు చూశాడు. ఆమె కూడా నవ్వుతోంది. భుజాలు కదిలేలా, నోట్లో రొట్టెముక్క అడ్డం పడేలా నవ్వుతోంది. మంట తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"వదినా, నవ్వకు. నిజంగా నేనే..."

"నవ్వనీ మరిదీ. ఏడ్చి ఏడ్చి దవడలు పీకుతున్నాయి." ఆమె తలకు కట్టుకున్న గుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంది. "నన్ను నవ్వించడానికి నెత్తిన నింద కూడా వేసుకున్నావే! మీ అన్న ఉంటే నీకు ముద్దు పెట్టేవాడు."

సిరియాకో కూర్చున్నాడు. మాంసం వచ్చింది. అది ఏ గొర్రెదో అన్న ఆలోచన వచ్చి ముద్ద దిగలేదు.

మర్నాడు గ్రాషి గొర్రెపాల చీజ్ పంపింది, మిగిలిన ముసలి గొర్రెల పాలతో చేసిందట. మా తాత దాన్ని కిటికీలో పెట్టి, దానివైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చివరికి కుక్కకు వేశాడు. దానికి సిగ్గు లేదు కాబట్టి లొట్టలేసుకుంటూ తింది.

"వెళ్లి ఇంకోసారి చెప్పు" అంది నానమ్మ.

"ఇంకోసారి చెబితే ఇంకోసారి నవ్వుతుంది."

"నేను నమ్ముతున్నాగా."

"నువ్వు నమ్మితే ఏం లాభం ఫెలిపా? నన్ను నమ్మి పెళ్లే చేసుకున్నావు. నీ తెలివి ఊరందరికీ తెలుసు."

నానమ్మ విసిరిన గుడ్డ ఆయన చెవికి తగిలింది. కానీ ఆ మాటలో హాస్యం నోటిదాకానే ఉందని ఆమెకు తెలుసు. ఆయన ముస్ ఆటకు వెళ్లడం మానేశాడు. గ్రాషి బండి ఎదురైతే పక్కదారి పట్టేవాడు. ఆమె మాత్రం చెయ్యి ఊపేది. ఆ ఊపు ఆయనకు చెంపదెబ్బలా తగిలేది. పెల్లో పోయినప్పుడు "వదిన సంగతి నేను చూసుకుంటా" అన్నవాడు ఆయనే. చూసుకున్నది ఇలా.

ఆమె నమ్మాలి. నమ్మి, తిట్టాలి. తిడితేనే ఆమె ముందు మళ్లీ తలెత్తి నిలబడగలనని, లేకపోతే ఈ చీజ్ ముక్కలు తింటూ దొంగలా చచ్చిపోతానని ఆయనకు పట్టుకుంది. నమ్మాలంటే చూపించాలి. కాలిన కన్నాలు వానకు పూడిపోయాయి. బతికున్న మొండితోకల్ని వెతకాలి.

కాలని వైపు, కొండవాలులో ఒక గుంపు దొరికింది. ఇక మా తాత సాయంత్రాలన్నీ అక్కడే, తిరగేసిన బకెట్ మీద. పెళ్లినాడు కూడా నన్ను ఇంతసేపు చూడలేదని నానమ్మ ఎత్తిపొడిచేది. మొదట్లో పిట్టలు, నీడలు తప్ప ఏమీ కనిపించలేదు. ఓపిక పట్టాక పొద మొదట్లో బూడిద కదిలినట్టు కదిలింది. అది గెంతదు, బల్లిలా నేలకంటుకుని పరిగెడుతుంది, తన దారిలోనే పరిగెడుతుంది. ఆ దారి వేలెడు వెడల్పు, కన్నం నుంచి కన్నానికి, ఆకు అడ్డం లేకుండా ఊడ్చినట్టు. గడ్డి కాడను మొదట్లో కొరికి, తన ఒంటికంటే పొడుగ్గా ఉంటే ముక్కలు చేసి, గుమ్మం ముందు పడేస్తుంది, సగం తిని సగం మరిచిపోయి. గింజల మీద ఆశ లేదు. చలికాలానికి మూట కట్టుకోదు. మంచు పడితే మంచు కిందే సొరంగాలు తవ్వి, సేజ్ ఆకూ బెరడూ కొరుక్కుంటూ బతికేస్తుంది. మంచు కరిగాక నేలమీద మట్టితాళ్లు మిగులుతాయి, ఎవరో తాడు పేని పారేసినట్టు. మంచులో తవ్విన సొరంగాల్లోకి తోసిన మట్టి అది. కాపరిగా బతుకంతా ఆ తాళ్లమీద నడిచాడు సిరియాకో. అవి నీళ్లు గీసిన గీతలనుకున్నాడు.

గుడ్లగూబ వాలేది. ముంగిసలాంటి సన్నటి వీజెల్ ఒకటి కన్నంలో దూరి, ఇంకో కన్నంలోంచి నోట ఒక మొండితోకను వేలాడేసుకుని వచ్చేది. మర్నాటికి మిగిలినవి మళ్లీ గడ్డి కోస్తూ ఉండేవి. నెల ఏదైనా పిల్లలు పుడుతూనే ఉండేవి. ఇంతమంది శత్రువులు ఉండగా ఈ బుల్లి ప్రాణానికి నా రొట్టె కూడా కావాల్సొచ్చిందా అనుకునేవాడు. ఆ సంగతి ఎవరితోనూ అనేవాడు కాదు. అంటే కథ అనుకుంటారు.

వసంతంలో, అడవి ఉల్లికాడలు కోసుకొద్దామని గ్రాషిని బండెక్కించాడు. ఆమె సంతోషంగా వచ్చింది.

"ఏం మరిదీ, నన్ను వదిలేశావు! ముస్‌లో నాకు జట్టుగా జుస్తో కూర్చుంటున్నాడు. పందెం పెంచమంటే పిల్లిలా వణుకుతాడు."

మా తాత కొండవాలులో బండాపి, పార తీసుకుని, తిన్నగా ఆ పొద దగ్గరికి నడిచాడు.

"ఉల్లి అక్కడుండదయ్యా, తడి నేలలో ఉంటుంది."

"ఒక్కసారి ఇటు రా వదినా."

పారతో నేల అంచు ఎత్తాడు. కప్పు తీసిన ఇల్లులా సొరంగం బయటపడింది. అందులో పీచు, దువ్విన ఉన్నిలా. చెయ్యి పెట్టి ఒక పిడికెడు లాగాడు, ఇదిగో చూడు అని చెప్పబోయాడు. పిడికిట్లో ఏదో వెచ్చగా మెదిలింది. బొచ్చింకా రాని పిల్లలు, గులాబీ రంగు, కళ్లు మూసుకుని, చిటికెన వేలి కణుపంత. సొరంగం మలుపులో తల్లి నిలబడి ఉంది. పారిపోలేదు. పళ్లు కొరుకుతూ ఆయన్నే చూస్తోంది.

మా తాత అలాగే కొయ్యబారిపోయాడు. ఒక తప్పు చూపించుకోవడానికి ఇంకో ఇల్లు కూల్చాడు. చేతిలో పిల్లలు, నోట్లో మాట, రెండూ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

గ్రాషి వంగి, గట్టుమీద రాలిన పీచు కొంచెం తీసుకుంది. రెండు అరచేతుల మధ్య నలిపింది. వాసన చూసింది. అది పొయ్యి ముట్టించే పీచని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బతుకంతా చలి పొద్దుల్లో దానితోనే నిప్పు రాజేసింది. ఆమె కళ్లు ఒక కన్నం నుంచి ఇంకో కన్నానికి, ఇంకో కన్నానికి, పొద కిందుగా నిదానంగా నడిచాయి. అధికారి చూపించిన పొద ఎక్కడుందో, రొట్టె గొయ్యి ఎక్కడుందో ఆమెకు అడుగుల లెక్కతో సహా తెలుసు.

"ఆ రోజు సత్రంలో నువ్వు చెప్పింది కథ కాదా?"

"కాదొదినా."

"నేను నవ్వానే!"

"నవ్వావు."

"నలుగురిలో. నా బయలు కాలిందంటే, నా గొర్రెలు పోయాయంటే, పొట్ట పట్టుకుని నవ్వాను."

"చెబుదామనే..."

"నోర్ముయ్!" ఆమె చేతిలో పీచును నేలమీదికి విసిరింది. "కాల్చావు, సరే. నిప్పు ఎవడి మాటా వినదు. కానీ జీవితంలో ఒక్కసారైనా జనం నమ్మేలా మాట్లాడటం చేతకాలేదట్రా నీకు? ఊరికే వాగి వాగి, నిజం చెప్పే నోరు కూడా పాడుచేసుకున్నావు కదరా!"

ఆమె ఆయన్ని 'రా' అనడం అదే మొదలు. ఆయన తల వంచుకున్నాడు.

"ముందు వాటి ఇల్లు కప్పు" అంది.

సిరియాకో మోకాళ్లమీద కూర్చుని, పిల్లల్ని పీచులో చుట్టి, దొరికిన చోటే పెట్టి, మట్టి పెళ్లను మూతలా సర్దాడు. పెళ్ల విరిగింది. మళ్లీ సర్దాడు. గ్రాషి చూస్తూ నిలబడింది, సాయం పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీటు ఎక్కలేదు. కర్ర ఆనించి, బండి వెనక తొట్టిలోకి పాకి, కుక్క పక్కన కూర్చుంది.

"వదినా, చలిగాలి..."

"నడుపు."

ఊరిమధ్య నుంచే పోవాలి. సత్రం అరుగుమీద జుస్తో, పోస్టాఫీసు ముందు నలుగురు. అందరూ చూశారు, పెల్లో భార్య గొర్రెలా తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చుని పోతోందని. మా తాతకు అద్దంలో ఆమె వీపు మాత్రమే కనిపించింది. ఇంటిముందు దించితే వెనక్కి చూడకుండా లోపలికెళ్లింది.

శనివారం జుస్తో నవ్వుతూ అడిగాడట, ఏం గ్రాషమ్మా, మీ మరిదితో ఏమిటి గొడవ అని. "మొండితోకలు నిజంగానే నిప్పు మోశాయి" అందావిడ. ఆమె నోట కథలు రావు. ఈసారి బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. అలా ఊరంతటికీ నమ్మకం కుదిరింది. మా తాత కోరుకున్నది అదే. దొరికాక తెలిసింది, అది ఎంత బరువో. దుకాణంలో వరసలో నిలబడితే వెనక గుసగుస. రొట్టె సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన ఇనప గిన్నెను కొట్టం మూలకు తోసేశాడు. కథలూ ఆగిపోయాయి. ఆయన ఇంట్లోనే ఉన్నా, ఆయన లేని ఇల్లులా ఉండేది.

"చెప్పవయ్యా ఏదో ఒకటి. ఆ పామునైనా పిలువు, గురక పెట్టినా ఒప్పుకుంటా" అంది నానమ్మ ఒకరోజు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

చలి మొదలయ్యాక సేజ్ విత్తనం పండుతుంది. దుమ్ముకంటే సన్నం, తుమ్మితే పంటంతా పోతుంది. సిరియాకో కాలని వాలుకు పోయి, కొమ్మల్ని గోనెసంచిలోకి వంచి కర్రతో కొట్టి, పొట్టుతో సహా నింపుకొచ్చాడు. వయసులో ఉన్నప్పుడు రెండు ట్రాక్టర్ల మధ్య గొలుసు కట్టి సేజ్ పొదల్ని కూకటివేళ్లతో పెకలించే పనికి పోయినవాడే. ఇప్పుడు అదే పొదకు విత్తనం చల్లడానికి వెళ్తుంటే నానమ్మ ఆయన మెడకు ఉన్నిగుడ్డ చుట్టి పంపింది. మొదటి పలచటి మంచు పడ్డ రోజు తెల్లబయలు మీద నడుస్తూ చల్లడం మొదలుపెట్టాడు. మంచుమీద పడితే అది కరిగినప్పుడు విత్తనాన్ని నేలకు అంటిస్తుంది.

కాసేపటికి రోడ్డుమీద గ్రాషి బండి ఆగింది. ఇంజన్ ఆపలేదు, అద్దం దించలేదు. మా తాత ఆ వైపు చూడకుండా చల్లుకుంటూ పోయాడు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. అద్దం వెనక ముక్కు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆయన రోజురోజుకూ బయలు లోపలికి, ఇంకా లోపలికి పోయి చల్లేవాడు.

సంచి సగమైన రోజున అద్దం దిగింది.

"ఒరేయ్ సిరియాకో!"

మా తాత ఆగాడు. నెలల తర్వాత విన్న గొంతు.

"రోడ్డు పక్కంతా వదిలేశావేం?"

"అక్కడ... అక్కడ నేల గట్టి వదినా."

"నేల గట్టి కాదు, నీ గుండె పిరికిది. దారినపోయేవాళ్లు చూస్తారని లోపల్లోపల చల్లుతున్నావు. రోడ్డు వెంట చల్లు. ఆ చివరనుంచి ఈ చివరకు. అందరికీ కనిపించాలి."

ఆయన సంచి భుజాన వేసుకుని వచ్చాడు. రోడ్డు అంచున మొదలుపెట్టాడు. పాల బండి పోయింది. బడి బస్సు పోయింది, పిల్లలు కిటికీలకు ముక్కులానించారు. జుస్తో బండి నెమ్మదించి, హారన్ మీద చెయ్యేసి, గ్రాషి వైపు చూసి, మోగించకుండానే పోయింది. సిరియాకో ప్రతి ఒక్కరికీ తల ఎత్తి మొహం చూపించాడు. చూపించి, మళ్లీ వంగి చల్లాడు. ఆయన వెనకాలే గ్రాషి బండి, కుంటి గొర్రె వెంట కాపరిలా, అడుగడుగు కదిలింది. సంచి దులిపేదాకా వెళ్లిపోలేదు.

ఆ రోజు మొహం ఎర్రబడింది చలికేనంటాడు మా తాత. అంత చలేం లేదంటుంది గ్రాషి.